పరుగు పాఠాలు – 5: అవుటర్‌లో ఆగిన బండి

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? వారంలో మూడు రోజులు, రోజుకు 25 నిమిషాలు, ఆగకుండా, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తడం. అది చేసినవాళ్లు ముందుకు రండి. చేయనివాళ్లు ముందు ఆ పని పూర్తి చేయండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు. నెమ్మదిగా పరిగెత్తడం రాకుండా ఈసారి చెప్పేది తలకెక్కదు.

ఈసారి నేర్చుకునేది పేస్ పట్టడం. పేస్ అంటే ఒక్కో కిలోమీటరుకు పట్టే టైము. మొదటి కిలోమీటరు ఎంతలో వెళ్లామో చివరి కిలోమీటరూ దాదాపు అంతలోనే వెళ్లాలి. అది కూడా నిమిషానికోసారి వాచీ చూసుకోకుండా. వినడానికి ఇంతే. నాకు మాత్రం ఇది రావడానికి రెండేళ్లు పట్టింది, అందులో ఏడాదిన్నర మొండితనానికే పోయింది.

నా మొదటి 10కే (10 కిలోమీటర్ల రేసు) సంగతి చెప్తాను. నెక్లెస్ రోడ్డు మీద జరిగింది. (కాగితాల మీద అది ఇప్పుడు పి.వి. నరసింహారావు మార్గ్. మన నోటికి ఇంకా నెక్లెస్ రోడ్డే.) 70 నిమిషాల్లో ముగించాలని లెక్క, అంటే కిలోమీటరుకు 7 నిమిషాలు. మైకులో పాటలు, ముందు వరసలో కుర్రాళ్లు, హుస్సేన్ సాగర్ మీంచి చల్లగాలి. మొదటి కిలోమీటరు 5:40కి వెళ్లాను, రెండోది 6:05కి. అలుపే లేదు. ఇన్నాళ్లూ నన్ను నేను తక్కువ అంచనా వేసుకున్నానేమో అని కూడా అనుకున్నాను. ఐదో కిలోమీటరు 7:25 అయింది, ఏడోది 8:10. ఎనిమిదిలో నడక. మొత్తం 75 నిమిషాల 25 సెకన్లు.

ఇంటికొచ్చి డైరీలో లెక్క వేశాను. మొదటి మూడు కిలోమీటర్లలో 2 నిమిషాల 35 సెకన్లు మిగుల్చుకున్నాను. చివరి ఆరింటిలో 8 నిమిషాలు పోగొట్టుకున్నాను.

మా తార్నాక క్లబ్బులో రైల్వేలో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. గూడ్సు బండ్ల మీద గార్డుగా చేశారు కాబట్టి మాకందరికీ ఆయన గార్డుగారే. ఆదివారం ఇరానీ చాయ్ దగ్గర నా ఘనకార్యం విని ఆయన అన్నమాట ఇది: "టైముకన్నా ముందొచ్చిన బండిని ఏం చేస్తారో తెలుసా బాబూ? ప్లాట్‌ఫారం ఖాళీ ఉండదు కదా, స్టేషన్ బయటే, అవుటర్ సిగ్నల్ దగ్గర నిలబెడతారు. నిన్ను ఎనిమిదో కిలోమీటర్లో నిలబెట్టారు, అంతే."

అప్పటినుంచి మా క్లబ్బులో ఎవరైనా రేసులో నడిస్తే "అవుటర్‌లో ఆగాడు" అంటాం.

మొదటి కిలోమీటరు ఎందుకు అంత తేలిగ్గా ఉంటుంది? హుషారు ఒక్కటే కారణం కాదు. పరుగు మొదలైన క్షణంనుంచే కండరాలకు శక్తి కావాలి, కానీ ఊపిరి, గుండె ఆ వేగాన్ని అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు ఒంట్లో నిలవ ఉన్నదాన్ని వాడుకుంటాం. దుకాణంలో ఖాతా పెట్టినట్టు. సరుకు చేతికొచ్చింది, బిల్లు ఇంకా రాలేదు. అందుకే మొదటి కిలోమీటర్లో ఒళ్లు చెప్పే మాట నమ్మొద్దు. రెండో కిలోమీటరునుంచి నమ్మొచ్చు.

రౌండు లెక్క

పేస్ నేర్చుకోవడానికి గ్రౌండును మించిన చోటు లేదు. గచ్చిబౌలి స్టేడియంలాంటి చోట ట్రాక్ లోపలి లేన్‌లో ఒక రౌండు 400 మీటర్లు. బయటికి జరిగేకొద్దీ ఒక్కో లేనుకు ఏడు మీటర్లకు పైగా పెరుగుతుంది, కాబట్టి లెక్క ఎప్పుడూ లోపలి లేనులోనే. వేగంగా వెళ్లేవాళ్లు వెనకనుంచి వస్తుంటే మాత్రం పక్కకు జరగండి. మీ పేస్ పాడైనా ఫరవాలేదు, పరువు ముఖ్యం. ట్రాక్ దగ్గర్లో లేకపోతే బళ్లు తిరగని చదునైన రోడ్డు మీద 400 మీటర్లు కొలిచి గుర్తు పెట్టుకోండి.

ఒక్క అంకె గుర్తుంటే చాలు: కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల పేస్ అంటే రౌండుకు సరిగ్గా 3 నిమిషాలు. అక్కణ్ణుంచి కిలోమీటరుకు అర నిమిషం తగ్గితే రౌండుకు 12 సెకన్లు తగ్గుతాయి. అంటే 7 నిమిషాల పేస్‌కు 2:48, ఆరున్నరకు 2:36, ఆరుకు 2:24. ఎనిమిది నిమిషాలవాళ్లకు 3:12.

ఇప్పుడు అసలు పని. స్టాప్‌వాచ్ నొక్కి, చేతిని మళ్లీ చూడకుండా ఒక రౌండు తిరగండి. గీత దాటగానే వాచీ ఆపండి, కానీ వెంటనే చూడకండి. ముందు ఎంత అయ్యుంటుందో పైకి చెప్పండి. తర్వాత చూడండి. మీరు చెప్పింది, వాచీ చెప్పింది, రెండూ రాసుకోండి. నిమిషంన్నర నడిచి మళ్లీ. అలా ఆరు రౌండ్లు.

మొదటిరోజు అంచనాకూ అసలుకూ 15, 20 సెకన్ల తేడా వస్తుంది. సిగ్గుపడక్కర్లేదు. నాకైతే మొదటిసారి 31 సెకన్లు వచ్చింది. దాదాపు అందరి మొదటి రౌండూ అనుకున్నదానికంటే వేగంగానే ఉంటుంది, అదీ గమనించండి. తేడా 5 సెకన్లలోపుకు వచ్చిందంటే పేస్ మీ కాళ్లకు తెలిసినట్టే.

ఉస్మానియా యూనివర్సిటీ (ఓయూ) క్యాంపస్‌లో తెల్లవారుజామున వెళ్తే కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలు కనిపిస్తారు. పేస్ లేకపోతే ఏమవుతుందో వాళ్లను చూస్తే తెలుస్తుంది. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణ అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలి. అబ్బాయిల లెక్క రౌండుకు ఇంచుమించు 1:49. రోజూ కనిపించే ఒక కుర్రాడు మొదటి రౌండు 1:22కు తిరిగేవాడు. నాలుగో రౌండుకు నడుం మీద చెయ్యి. మొత్తం ఏడున్నర నిమిషాలు దాటిపోయేది. ఒకరోజు ఆపి అడిగితే, "దమ్మున్నప్పుడే ఉరకాలె గద సార్, తర్వాత ఎట్లాగూ ఉండదు" అన్నాడు.

దమ్ము ఉండకపోవడానికి కారణమే ఆ మొదటి రౌండు అని వాడికి చెప్పి ఒప్పించలేకపోయాను. గీత దగ్గర నిలబడి, "1:45కన్నా ముందొస్తే వెనక్కి పంపిస్తా" అన్నాను. సణుక్కుంటూ తిరిగాడు. మూడో రౌండుదాకా నామీద కోపంగానే ఉన్నాడు. నాలుగోది అన్నిటికన్నా వేగంగా తిరిగి 7:09కి ముగించాడు. తర్వాత వాడి స్నేహితులు నలుగురు వచ్చి నన్ను గీత దగ్గర నిలబెట్టారు, ఆ వారం నా పరుగు సాగలేదు.

ఇది కొత్తవాళ్ల సంగతే అనుకోకండి. 2019 అక్టోబరులో వియన్నాలో కెన్యా మారథాన్ వీరుడు ఎలియుడ్ కిప్చోగే 42.195 కిలోమీటర్లను 1:59:40లో ముగించాడు. ప్రతి కిలోమీటరూ 2:48కీ 2:52కీ మధ్యలోనే పడింది. పేసర్లు (తోడుగా పరిగెత్తి పేస్ పట్టించేవాళ్లు) మారుతూ వచ్చారు కాబట్టి అధికారిక రికార్డుగా లెక్కలోకి రాదు, అది వేరే మాట. ఆ మనిషి కూడా మొదట్లో దమ్మున్నా దాచుకున్నాడు.

ఎక్కం పద్ధతి

గ్రౌండు దాటి రోడ్డు మీదికి వస్తే వాచీ అంతగా పనికిరాదు. ఫ్లైఓవర్ కింద, ఎత్తయిన భవనాల మధ్య జీపీఎస్ తడబడుతుంది. 7 నిమిషాల పేస్‌లో వెళ్తుంటే ఒక క్షణం 5 అంటుంది, ఇంకో క్షణం 9 అంటుంది. దాన్ని చూసి వేగం పెంచుతూ తగ్గిస్తూ పోతే ఉన్న దమ్ము కాస్తా పోతుంది.

అందుకే నేను రెండో ఎక్కం చదువుతాను. నవ్వకండి. అందరికీ వచ్చు, ఆలోచించక్కర్లేదు, ప్రతి మెట్టూ (ఎక్కంలో ఒక్కో వరస) దాదాపు ఒకే పొడవు. తీరిక పరుగులో ఉంటే ఒక్క ఊపిరిలో "రెండు ఒకట్ల రెండు, రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు" దాకా వస్తుంది. 10కే రేసు వేగంలో ఒక్క మెట్టే వస్తుంది. "రెండు రెళ్లు" అని "నాలుగు" మింగేశారంటే హద్దు దాటారు, వెంటనే తగ్గించండి. రేసులో మొదటి కిలోమీటరు మాత్రం రెండు మెట్లు పలికేంత నెమ్మదిగా వెళ్లాలి. మనిషిని బట్టి కొంచెం అటూఇటూగా ఉంటుంది, మీ కొలత మీరు చూసుకోండి. పైకి చదవడం మాత్రం తప్పదు. మనసులో చదివితే ఊపిరి సంగతి తెలియదు. కేబీఆర్ పార్కు బయట ఇలా చదువుకుంటూ పోతుంటే ఒకావిడ ఆపి, "మీరు ట్యూషన్ చెప్తారా అంకుల్?" అని అడిగింది.

ఈ పద్ధతి అసలు అవసరమయ్యేది ఎక్కుడు దగ్గర. మన ఊరు చదునైన ఊరు కాదు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ పరిగెత్తినవాళ్లను అడగండి, ముందు ఫ్లైఓవర్ల గురించే చెప్తారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అదే పేస్ పట్టుకోవాలనుకోవడం తప్పు. పట్టుకోవాల్సింది అదే ఊపిరిని. అడుగు చిన్నది చేయండి, చూపు పది పన్నెండు అడుగుల ముందుంచండి, ఎక్కంలో మెట్టు తెగకుండా చూసుకోండి. వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. "ఘాట్ ఎక్కేటప్పుడు బండి నెమ్మదిస్తే డ్రైవర్‌ను ఎవరైనా తిడతారా?" అంటారు గార్డుగారు. దిగేటప్పుడు కాళ్లకు బ్రేకు వేయకుండా వదలండి, అలాగని దూకొద్దు, మోకాళ్లు ఊరుకోవు. ఒక్క విషయం: ఎక్కేటప్పుడు పోయిన టైమంతా దిగేటప్పుడు తిరిగి రాదు. కాబట్టి ఫ్లైఓవర్లున్న రేసుకు నెక్లెస్ రోడ్డు టైము ఆశించొద్దు.

వానాకాలం ఉక్క కూడా ఎక్కుడులాంటిదే. తెల్లవారుజామున చల్లగానే ఉన్నట్టుంటుంది, కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రక్తం కొంత చర్మం వైపు మళ్లుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. డిసెంబరులో మీది 7 నిమిషాల పేస్ అయితే ఆగస్టులో 7:20 కావచ్చు. మీరు తగ్గిపోయారని కాదు. ఎక్కం అప్పుడూ ఒకటే.

రేసు రోజు గురించి రెండు మాటలు. చాలా రేసుల్లో బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వెనక చిప్ ఉంటుంది. మీ టైము మీరు గీత దాటినప్పుడే మొదలవుతుంది, తుపాకీ పేలినప్పుడు కాదు. కాబట్టి ముందు వరసలోకి తోసుకెళ్లే పనిలేదు. వెనక నిలబడితే జనమే మీకు బ్రేకు వేస్తారు, మొదటి కిలోమీటర్లో అంతకన్నా మేలు చేసేవాళ్లు లేరు. రెండోది, రేసు దారిని మలుపుల్లో దగ్గరి దారినే కొలుస్తారు. మనం జనాన్ని తప్పించుకుంటూ వంకర్లు తిరుగుతాం కాబట్టి వాచీలో 10 కిలోమీటర్లు ముందే అయిపోతాయి, గీత ఇంకా రాదు. నిర్వాహకులతో గొడవకు దిగకండి. రోడ్డు పక్క కిలోమీటరు బోర్డులనే నమ్ముకోండి.

ఈ వారం పని

మంగళవారం: పది నిమిషాలు తీరికగా పరిగెత్తి, పైన చెప్పిన ఆరు రౌండ్లు. అంచనా, అసలు, రెండూ డైరీలో. గురువారం: అరగంట, ఒక్క ఊపిరికి మూడు మెట్లు. ఆదివారం: కేబీఆర్ పార్కు బయటి ఫుట్‌పాత్ మీద ఒక చుట్టు, సుమారు 6 కిలోమీటర్లు. అక్కడ ఎక్కుళ్లూ దిగుళ్లూ రెండూ దొరుకుతాయి. వాచీ జేబులో పెట్టుకోండి. మొదటి మూడోవంతు రెండు మెట్లు, తర్వాత ఒక మెట్టు, ఎక్కుడు దగ్గర ఏ మెట్టూ తెగకూడదు. ముగించాకే టైము చూడండి. కేబీఆర్ దూరంగా ఉందనుకుంటే మీ ఇంటి దగ్గర ఎత్తుపల్లాలున్న ఏ దారైనా సరే.

ఆదివారం నడవాల్సి వస్తే, ఎక్కడ నడిచారో రాసుకోండి. ఆ చోటుకు ఒక కిలోమీటరు ముందు ఏం చేశారో గుర్తు తెచ్చుకుని అదీ రాయండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

వచ్చే పాఠం నీళ్ల గురించి. దానికి బరువు చూసుకునే మిషన్ ఒకటి, పొడి టవలు ఒకటి కావాలి. పరుగుకు ముందూ తర్వాతా, చెమట బట్టలు తీసేసి తూగాలి కాబట్టి మిషన్ ఇంట్లోనే ఉండేలా చూసుకోండి.