‘చరిత్రలో ఈ రోజు’ తప్పుల్లేకుండా రాయాలంటే: జులై 4తో ఒక కసరత్తు

బడిలో అసెంబ్లీ బోర్డుకైనా, పత్రికలో మూలనుండే చిన్న డబ్బాకైనా ‘చరిత్రలో ఈ రోజు’ తయారు చేయడం పైకి పది నిమిషాల పనిలాగే కనిపిస్తుంది. ఎక్కడో ఉన్న జాబితాను ఎత్తి ఇక్కడ దించేస్తే సరిపోతుందనుకుంటారు. దాంతోపాటు అందులోని తప్పులూ దిగుతాయి. చాలాసార్లు తేదీ సరిగ్గానే ఉంటుంది, ఆ రోజు జరిగిందని రాసిన పనే వేరే రోజుది అయ్యుంటుంది. అందుకని ప్రతి అంశంలోనూ ముందు క్రియను పట్టుకోండి. పుట్టారా, ప్రకటించారా, సంతకం పెట్టారా, అమల్లోకి వచ్చిందా? జులై 4 తీసుకుంటే ఈ చిక్కులన్నీ ఒక్కచోటే తగులుతాయి.

మొదట పన్నెండు, పదిహేను చీటీలు రాసుకోండి. ఒక్కో చీటీ మీద సంవత్సరం, ఊరు, మనిషి, క్రియ, ఎక్కడ చూశారన్నది ఉండాలి. వడపోశాక ఆరేడు మిగిలితే చాలు, అసెంబ్లీలో నిమిషంన్నరలో చదివేయొచ్చు. జులై 4కి చీటీలకు కొదవలేదు. 1897లో పాండ్రంగిలో అల్లూరి సీతారామరాజు పుట్టుక, 1902లో బేలూరు మఠంలో వివేకానందుడి నిర్యాణం, 1934లో మేరీ క్యూరీ మరణం, 1943లో సింగపూర్‌లో రాస్‌బిహారీ బోస్ చేతుల మీదుగా ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ పగ్గాలు సుభాష్‌చంద్రబోస్‌కు అందడం, 1963లో పింగళి వెంకయ్య కన్నుమూత. 1946లోనైతే రెండున్నాయి: ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం, కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరత్వం. ఈ రెండింటికీ తేదీతోపాటు ఏడాదీ ఒక్కటే. ఇలాంటి జంట దొరికితే వదులుకోకండి.

ఇప్పుడు క్రియల సంగతి. ‘1776: అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకాలు’ అని ఏటా కనిపిస్తుంది. బ్రిటన్ నుంచి విడిపోవాలని అక్కడి కాంగ్రెస్ (వలసల ప్రతినిధుల సభ) ఓటు వేసింది జులై 2న. 4న జరిగింది ప్రకటన పాఠాన్ని ఆమోదించడం. సంతకాల్లో ఎక్కువ భాగం ఆగస్టు 2న పడ్డాయి. కాబట్టి ‘ఆమోదం’ అని రాస్తే ఒప్పు, ‘సంతకాలు’ అంటే తప్పు. 2012 కూడా ఇలాంటిదే. ఆ రోజు జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ ప్రకటించింది హిగ్స్ బోసాన్‌ను పోలిన కొత్త కణం దొరికిందని. అది హిగ్స్ బోసానేనని గట్టిగా చెప్పింది 2013 మార్చిలో. ‘కొత్త కణాన్ని కనుగొన్నట్లు ప్రకటన’ అంటే ఏ భౌతికశాస్త్రం మాస్టారూ వేలెత్తి చూపలేరు.

కొమరయ్య చీటీని దగ్గరగా చూద్దాం. ‘1946: తెలంగాణ సాయుధ పోరాటం ప్రారంభం’ అని రాస్తే ఊరూ లేదు, మనిషీ లేడు. పైగా అంత పెద్ద పోరాటం ఒక్క పూటలో మొదలైనట్టు ధ్వనిస్తుంది. ఇలా మార్చండి: ‘1946: జనగామ ప్రాంతంలోని కడవెండిలో ఊరేగింపుపై విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులు. ఆంధ్ర మహాసభ (సంఘం) కార్యకర్త దొడ్డి కొమరయ్య మృతి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో ఆయన్ను తొలి అమరుడిగా తలచుకుంటారు.’ ఒక్కో అంశం ఇంతకు మించి పెరగకుండా చూసుకోండి.

తర్వాత గడియారం. 2005లో నాసా వ్యోమనౌక డీప్ ఇంపాక్ట్ వదిలిన భాగం టెంపుల్-1 తోకచుక్కను ఢీకొట్టింది మన గడియారాల్లో జులై 4 పొద్దున 11:22కి. దాన్ని నడిపిన అమెరికాలోని పాసడీనా కేంద్రంలో అప్పటికింకా 3వ తేదీ రాత్రి 10:52. భూమ్మీది ఘటనకు అది జరిగిన చోటి తేదీ, అంతరిక్షంలోని దానికి గ్రీనిచ్ లెక్క అని ముందే ఒక నియమం పెట్టుకోండి. నియమం ఏదైనా ఫర్వాలేదు, రోజుకోటి మార్చకూడదు.

పాత పత్రికలు తిరగేసేవాళ్లు పడే గుంట ఇంకోటి. 4న జరిగింది 5వ తేదీ సంచికలో వస్తుంది. పేజీ పైనున్న తేదీని కాకుండా, వార్త మొదట్లో ఊరి పేరు పక్కనున్న తేదీని చూడండి. అర్ధరాత్రి ప్రకటనలైతే మరో రోజు ఆలస్యంగా కూడా అచ్చయ్యేవి.

వెనక్కి వెళ్లేకొద్దీ క్యాలెండరే మారిపోతుంది. 1054 జులై 4న చైనా ఖగోళజ్ఞులు వృషభ రాశిలో కొత్త ‘అతిథి నక్షత్రం’ చూశారని రాస్తుంటాం. అది పాత జూలియన్ క్యాలెండరు తేదీ, ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్‌లోకి మారిస్తే జులై 10. గ్రెగోరియన్ వచ్చిన 1582కు ముందటి ఘటనలకు జూలియన్ తేదీనే ఉంచడం రివాజు, అలాగే ఉంచండి. రష్యా 1918 దాకా, ఇంగ్లండు 1752 దాకా పాత లెక్కలోనే ఉన్నాయి కనుక ఆ దేశాల ఘటనలకు తేదీ ఏ లెక్కలోదో చీటీ మీద రాసుకోవాలి.

మన శాసనాలతో వేరే తంటా. శక సంవత్సరానికి 78 కలిపితే చాలనుకుంటారు. మాఘ, ఫాల్గుణాలకు, కొన్నిసార్లు పుష్యానికి కూడా, 79 కలపాలి. కొందరు గత (అంటే పూర్తయిన) సంవత్సరం, కొందరు నడుస్తున్న సంవత్సరం వాడారు. తిథి, వారం రెండూ కుదిరితేనే ఇంగ్లీషు తేదీ వేయండి, లేకపోతే ఏడాదితో సరిపెట్టండి. తిథి ప్రకారం జరిపే త్యాగరాజ ఆరాధన లాంటివి ఈ డబ్బాలోకి రానే రావు, వాటికి పంచాంగం ఉంది.

పుట్టిన ఏడాదిపై తేడాలుంటాయి. అల్లూరిది 1897 అని కొన్నిచోట్ల, 1898 అని కొన్నిచోట్ల ఉంది. 2022 జులై 4న భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించి 125వ జయంతి ఉత్సవాలు మొదలుపెట్టారంటే అధికారిక లెక్క 1897. ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. ‘ఎన్నో జయంతి’ అన్నదానికి ఏడాదిలోంచి ఏడాది తీసేస్తే చాలు, ఒకటి కలపకండి.

మాటల్లో ఒక్క జాగ్రత్త. బతికున్నవారికి పుట్టినరోజు, పోయినవారికి జయంతి. కీరవాణి పుట్టింది 1961లో ఇదే రోజున. అలాంటి పేర్లను జయంతుల వరుసలో కలిపేస్తే నవ్వులపాలవుతారు. వరుస మాత్రం సంవత్సరాలదే ఉంచండి, ఏది గొప్పదో తేల్చే తగువు ఉండదు.

చీటీలు పారేయకండి, నెలవారీ కట్టలు కట్టి ఉంచితే వచ్చే ఏడాది పని సగమవుతుంది. ‘వందేళ్ల కిందట’, ‘నిరుడు’ లాంటి మాటలు వాటి మీద రాయొద్దు, పన్నెండు నెలల్లో తప్పైపోతాయి.