విమాన తనిఖీలో పొరపాట్లు, 4వ పాఠం: సగంలో చేతులు మారే పని

పోయిన పాఠంలో టార్చిని ఏటవాలుగా పట్టి పగులు పట్టుకోవడం నేర్చుకున్నాం. ఈసారి లోపం టార్చికి దొరికేది కాదు. ఫలానా చోట స్క్రూలు తీశారని ఎవరికీ తెలియకపోతే, టార్చి పట్టుకుని అక్కడికి ఎవరూ ఎక్కరు.

1991 సెప్టెంబరు 11న లరేడో నుంచి హ్యూస్టన్ వెళ్తున్న కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574, ఎంబ్రేయర్ 120 రకం విమానం, టెక్సాస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర గాల్లోనే విరిగి కూలింది. ఉన్న 14 మందీ చనిపోయారు. తోక మీది అడ్డరెక్కకు, అంటే హారిజాంటల్ స్టెబిలైజర్‌కు, ఎడమ ముందంచు పై వరుసలో 47 స్క్రూలు లేవు. దాన్ని పట్టి ఉంచింది అడుగు వరుస ఒక్కటే. కిందికి దిగుతుండగా గాలి తాకిడికి అంచు మడతపడి ఊడిపోయింది.

ముందు రాత్రి ఆ అంచుల మీది రబ్బరు డీ-ఐస్ బూట్లు, అంటే ఉబ్బి మంచును విదిల్చేసే తొడుగులు, మార్చే పని పెట్టుకున్నారు. అందుకు అంచు స్క్రూలు విప్పాలి. సాయంత్రం షిఫ్టు మెకానిక్‌లు కుడివైపు అందుకున్నారు. సాయం పట్టిన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ కుడివైపు పై స్క్రూలు తీసి, ఎడమవైపువీ తీసేశాడు. షిఫ్టు అయ్యాక ఇన్‌స్పెక్టర్ల అప్పగింత పత్రంలో బూట్ల పనికి సాయం చేశానని రాశాడు కూడా. కానీ రాత్రి ఇన్‌స్పెక్టర్ అంతకుముందే వచ్చి ఆ పత్రం చూసేసుకున్నాడు. పనికార్డుల్లో ఎడమ పై వరుస ఊసు లేదు. రాత్రి షిఫ్టు విమానాన్ని హ్యాంగర్ బయటపెట్టి, కుడివైపు పని పూర్తి చేసి, ఎడమ బూటు వాయిదా వేసింది. తోక పైన ఎత్తులో ఉండే రెక్క, పైగా చీకటి.

రాయకపోవడమే తప్పనుకుంటే సగమే అర్థమైనట్టు. రాశాడు, చదవాల్సినవాళ్లు చదివేసిన తర్వాత రాశాడు. పైగా తనిఖీ చేయాల్సిన మనిషే స్క్రూడ్రైవర్ పట్టాడు. సాయం మంచిదే, కాకపోతే పట్టిన క్షణం నుంచి ఆయన ఆ పనికి మెకానిక్. రాత మెకానిక్ కార్డులోనే పడాలి, తనిఖీ సంతకం వేరొకరిది కావాలి.

అందుకని మొదటి స్క్రూ వదులు చేయకముందే, ఆ వైపుకూ ఆ వరుసకూ కార్డులో విడిగా ఎంట్రీ తెరవండి. తీశాక ఇలా పూర్తి చేయండి:

"ఎడమ స్టెబిలైజర్ ముందంచు, పై వరుస. తీసినవి 47. అడుగు వరుస ముట్టలేదు. సంచి 1, స్టాండుకు కట్టాను. బిగించాలి, వేరొకరు తనిఖీ చేయాలి. 21:40. సంతకం."

"ముట్టలేదు" అన్న మాట దండగ అనిపిస్తుంది. చేయనిది రాస్తేనే చేసినదాని హద్దు తెలుస్తుంది. "పని జరుగుతోంది" అని రాస్తే ఏమీ రాయనట్టే.

వరుసకో సంచి. దాని మీద విమానం నంబరు, చోటు, పార్ట్ నంబరు, లెక్క. కొత్త స్క్రూలు వేస్తున్నా, కొత్తవి లెక్క తేలేదాకా పాతవి పారేయొద్దు. నేల మీద నుంచి కనిపించేలా ఎర్ర రిబ్బను వేలాడదీయండి, కాక్‌పిట్‌లో ట్యాగు పెట్టండి.

అప్పగింత ఆఫీసు గదిలో కాదు, విమానం కిందే. కార్డు ఇద్దరి ముందూ ఉండాలి. వచ్చినవాడు వైపు, లెక్క తిరిగి చెప్పాలి. ఆ పని వేరేవాళ్లకు పడితే వాళ్లకూ మొదటి నుంచి అప్పగించాలి.

అన్నిటికన్నా ప్రమాదం పని వాయిదా పడ్డప్పుడు. "ఎడమది రేపు" అనగానే అటు ఎవరూ చెయ్యి పెట్టలేదనుకుంటాం. వాయిదా రాసేవాళ్లు నిచ్చెన ఎక్కి, ఆ వైపు పైనా కిందా చూసి, అప్పుడు రాయాలి.

మూసేటప్పుడు ఒక్కో స్క్రూ తలనూ వేలితో తాకుతూ పదేసి లెక్కపెట్టండి. రెండోసారి అవతలి చివర నుంచి.

అభ్యాసం: ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ స్థానంలో ఉండి, రెండు వైపులకూ కార్డు ఎంట్రీలు రాయండి. పని సంగతి తెలియని తోటివారికి ఇవ్వండి. వారు అడిగే ప్రతి ప్రశ్నా మీ ఎంట్రీలో తప్పిపోయిన మాటే. చేర్చి మళ్లీ రాయండి.

వచ్చే పాఠం: కంటికి ఒకేలా కనిపించే రెండు సైజుల బోల్టులు.