మొదటి ఎస్సే ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో అకడమిక్ రైటింగ్ క్లాసుకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఇంటర్‌లో మార్కులు తెచ్చిన బట్టీ ఇక్కడ పనికిరాదు. మీ వాదన ఏమిటో మొదటి పేరాలోనే తేలాలి.

– అసలు టెన్షన్ కాపీ దగ్గరే. చదివిన పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, పేజీ నంబరు అప్పటికప్పుడే నోట్సులో రాసుకోండి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో కొన్న పాత పుస్తకమైతే ఎన్నో ముద్రణో కూడా చూడండి. వేరేవాళ్ల వాక్యం యథాతథంగా వాడితే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. నాలుగు మాటలు అటూ ఇటూ మార్చి, ఎవరిదో చెప్పకుండా రాసినా అది కాపీయే. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. థీసిస్‌లో 60 శాతం దాటితే ఆ కోర్సుకి విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మీ ఎస్సేకి హద్దు ఎంతో లెక్చరర్‌గారిని ముందే అడగండి. అడిగితే ఏమీ అనుకోరు.

– మొదటి డ్రాఫ్టు నిండా ఎర్ర గీతలు పడటం మామూలే. తిరగరాయడానికి రెండు రోజులు మిగుల్చుకోండి.

– గుంటూరు బ్రాడీపేటలో ప్రింటుకి వెళ్తే పీడీఎఫ్ తీసుకెళ్లండి. వర్డ్ ఫైలైతే షాపులో ఫాంటు మారి పేజీలు చెదిరిపోతాయి, తెలుగైతే మరీను.