పొద్దున లేవగానే ఒళ్ళు పట్టేస్తోందా? పరుపు గట్టిదా మెత్తదా అన్నది ఇలా తేల్చుకోండి

నడుం నొప్పి అని ఇంట్లో నోరు తెరిస్తే చాలు, వచ్చే సలహా ఒక్కటే. "ఆ మెత్తటి పరుపు తీసేసి గట్టిది వేసుకో, లేదంటే నాలుగు రోజులు కింద చాప మీద పడుకో, అదే సర్దుకుంటుంది" అంటారు. కొంతమందికి నిజంగానే సర్దుకుంటుంది. కానీ అదే మాట విని గట్టి పరుపు కొన్నవాళ్ళలో ఇంకొంతమందికి ఉన్న నడుం నొప్పికి తోడు భుజం, తుంటి కూడా మొదలవుతాయి, ఎందుకంటే వాళ్ళు పడుకునే తీరు వేరు, ఒంటి బరువు వేరు. వెల్లకిలా పడుకునే ఆయనకి హాయిగా ఉన్న పరుపు, పక్కకి తిరిగి పడుకునే వాళ్ళావిడకి రాత్రంతా నరకం కావచ్చు.

2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో స్పెయిన్ వాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. చాన్నాళ్ళుగా నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని కొందరికి బాగా గట్టి పరుపు, కొందరికి మీడియం ఫర్మ్, అంటే ఓ మోస్తరు గట్టిగా ఉండే పరుపు ఇచ్చి 90 రోజులు చూశారు. మీడియం ఫర్మ్ మీద పడుకున్న వాళ్ళకే నొప్పి బాగా తగ్గింది. అంటే గట్టిది అయితే చాలు నడుముకి మంచిదే అనుకోవడం సరికాదు, వెన్ను వంకరపోకుండా నిలబెట్టాలి, అదే టైంలో భుజం, పిరుదులు కొంచెం దిగడానికి చోటివ్వాలి, పరుపు చేయాల్సిన పని ఈ రెండూ.

ముందు అసలు తప్పు పరుపుదేనా?

లేవగానే నొప్పి ఉండి, అటూ ఇటూ తిరిగి స్నానం అదీ అయ్యేసరికి తగ్గిపోతుంటే పరుపు మీద అనుమానపడొచ్చు. బంధువుల ఇంట్లోనో హోటల్లోనో పడుకున్నప్పుడు నొప్పి లేకుండా లేస్తుంటే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. అలా కాకుండా రోజంతా నొప్పి ఉంటే, కూర్చుంటే పెరుగుతుంటే, అది కుర్చీదో పనిదో ఇంకోటో అయ్యుంటుంది, పరుపు మార్చి డబ్బులు పోగొట్టుకోకండి. కాలు కిందదాకా లాగేస్తూ తిమ్మిరెక్కినా, కాల్లో బలం తగ్గినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మూత్రం మీద పట్టు తప్పుతుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళిపోవాలి.

ఇంకోటి, మంచం. ఇది చాలామంది చూడరు. నవారు మంచం మీదో, పట్టీలు దూరదూరంగా ఉన్న మంచం మీదో ఫోమ్ పరుపు వేస్తే ఎంత మంచి పరుపైనా మధ్యలో వంగిపోతుంది. ప్లైవుడ్ షీట్ అయినా ఏళ్ళు గడిచాక మధ్యలో కుంగుతుంది. పరుపు దింపి నేల మీద వేసి రెండు మూడు రాత్రులు పడుకుని చూడండి, తేడా తెలిస్తే లోపం మంచానిది, కొత్త ప్లైవుడ్ వేయిస్తే సరిపోతుంది. పరీక్ష అయ్యాక మాత్రం పరుపుని నేల మీద అలాగే వదిలేయొద్దు, కింద చెమ్మ పట్టి బూజొస్తుంది, ముఖ్యంగా కోస్తా ఊళ్ళల్లో.

"పక్కకి తిరిగి పడుకుంటా, భుజం నొప్పి, చెయ్యి తిమ్మిరి, తుంటి దగ్గర ఒత్తిడి"

కారణం ఎక్కువసార్లు పరుపు మరీ గట్టిగా ఉండటమే. పక్కకి తిరిగినప్పుడు మన బరువంతా భుజం మీదా తుంటి మీదా పడుతుంది, అవి కొంచెం దిగితేనే నడుం దగ్గరుండే ఖాళీకి పరుపు ఆనుతుంది. దిగకపోతే నడుం గాల్లో వేలాడుతుంది, భుజం నలుగుతుంది, మీరేమో తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లుతూ ఉంటారు. ఇంట్లో ఎవరినైనా వెనక నుంచి ఒక ఫోటో తీయమనండి, మెడ నుంచి నడుం కింద దాకా వెన్ను తిన్నగా గీత గీసినట్టు ఉండాలి. భుజం, తుంటి దిగకుండా నడుం కింద ఖాళీ కనిపిస్తుంటే పరుపు గట్టిది, పిరుదులు దిగిపోయి వెన్ను కిందకి వంగితే మెత్తది.

దీనికి పరుపు మొత్తం మార్చక్కర్లేదండి. గట్టి పరుపుని టాపర్‌తో, అంటే పరుపు మీద పరిచే పల్చటి మెత్తటి పొరతో, మెత్తగా చేసుకోవచ్చు, పైన 2 అంగుళాల లాటెక్స్ (రబ్బరు పాలతో చేసే ఫోమ్) టాపర్‌ గానీ మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి తగ్గట్టు దిగే ఫోమ్) టాపర్‌ గానీ వేస్తే చాలామందికి సరిపోతుంది. మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకుంటే తుంటి మీద లాగుడు తగ్గుతుంది, గర్భంతో ఉన్నవాళ్ళకి ఇది ఇంకా అవసరం. కొత్తగా కొనేవాళ్ళయితే మీడియం, లేదా మీడియం సాఫ్ట్ చూడండి. బరువు 55 కిలోల లోపు ఉన్నవాళ్ళకి ప్రతి పరుపూ ఇంకొంచెం గట్టిగానే అనిపిస్తుంది కాబట్టి వాళ్ళు మెత్త వైపుకి మొగ్గినా ఫరవాలేదు. 90 కిలోలు దాటినవాళ్ళు పక్కకి తిరిగి పడుకున్నా సరే మీడియం ఫర్మ్ కంటే కిందకి దిగొద్దు, మందం కూడా కనీసం 8 అంగుళాలు ఉంటే మంచిది.

"వెల్లకిలా పడుకుంటా, లేవగానే నడుం పట్టేస్తుంది"

ఇక్కడ కారణం రెండు రకాలుగా ఉండొచ్చు, అందుకే ఊహించకుండా పరీక్ష చేయండి. వెల్లకిలా పడుకుని నడుం వంపు కిందకి అరచెయ్యి దూర్చండి. ఖాళీ ఎక్కువుండి చెయ్యి సులువుగా అటూ ఇటూ ఆడుతుంటే పరుపు గట్టిది, నడుముకి ఆసరా అందట్లేదు. అసలు చెయ్యే దూరకపోతే మీరు దిగిపోతున్నారు, అంటే మెత్తగా ఉంది లేదా గుంట పడింది. కాస్త ఆనుతూ చెయ్యి దూరితే అదే మీకు సరిపోయే గట్టిదనం. గట్టిదైతే టాపర్, దానికి ముందు మోకాళ్ళ కింద ఒక దిండు పెట్టి చూడండి, ఒక్కోసారి దాంతోనే సగం తగ్గుతుంది. మెత్తదైతే టాపర్ మీద డబ్బు పెట్టకండి, కుంగిన పరుపు మీద ఏం వేసినా అదీ దాంతోపాటే కుంగుతుంది.

"బోర్లా పడుకుంటే తప్ప నిద్ర రాదు, నడుం, మెడ రెండూ నొప్పి"

మెత్తటి పరుపు మీద బోర్లా పడుకుంటే పొట్ట, నడుం కిందకి దిగి వెన్ను వెనక్కి వంగిపోతుంది, మెడ రాత్రంతా ఒక పక్కకే తిరిగి ఉంటుంది. వీళ్ళకే నిజంగా గట్టి పరుపు కావాలి. తల కింద పల్చటి దిండు లేదా అసలు దిండే లేకుండా, పొట్ట కింద మాత్రం ఒక పల్చటి దిండు. వీలైతే మెల్లగా పక్కకి తిరిగి పడుకోవడం అలవాటు చేసుకోండి, పొడుగు దిండు కౌగిలించుకుంటే ఆ అలవాటు తొందరగా పడుతుంది.

"కొత్త పరుపు వేసినప్పటి నుంచి మెడ పట్టేస్తోంది"

పరుపుని తిట్టకముందు దిండు చూడండి. పాత గట్టి పరుపు మీద సరిపోయిన ఎత్తు దిండు, భుజం దిగే మెత్తటి పరుపు మీద ఎక్కువైపోతుంది. దిండు పల్చబరిచి చూడండి. మెడ ఒక్కటే కాకుండా ఒళ్ళంతా కొత్తగా అనిపిస్తుంటే రెండు మూడు వారాలు ఆగండి, ఒంటికి అలవాటు పడటానికి, ఫోమ్ కాస్త వదులవడానికి ఆ మాత్రం టైం పడుతుంది. చుట్టి ప్యాక్ చేసి పంపే పరుపైతే విప్పిన మొదటి రోజే తీర్పు చెప్పొద్దు, పూర్తిగా ఉబ్బడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

"కొన్నప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు మధ్యలో గుంట"

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో అందరూ పొరపడేది ఇక్కడే. "ఇది 40 డెన్సిటీ సార్, మంచి గట్టిగా ఉంటది" అంటాడు సేల్స్ అబ్బాయి. డెన్సిటీకీ గట్టిదనానికీ నేరుగా సంబంధం లేదండి. 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ అన్ని కిలోల బరువుందని, అంతే. అది ఎన్నాళ్ళు కుంగకుండా నిలబడుతుందో చెబుతుంది. 40 డెన్సిటీలో మెత్తటి ఫోమ్ ఉంటుంది, తక్కువ డెన్సిటీలో గట్టి ఫోమ్ కూడా ఉంటుంది. ఆ తక్కువ డెన్సిటీ గట్టి ఫోమే అసలు మోసం చేసేది, షాపులో చేత్తో నొక్కితే గట్టిగా ఉంటుంది, ఇంట్లో కొన్నాళ్ళు పడుకునేసరికి పడుకున్న చోటల్లా గుంట. అందుకని రెండు ప్రశ్నలు వేర్వేరుగా అడగండి, గట్టిదనం ఎంత అని ఒకటి, ఏ పొర ఎంత మందం, ఎంత డెన్సిటీ అని ఇంకోటి. "ఆర్థోపెడిక్" అని పైన రాసి ఉన్నంత మాత్రాన అది మీ నడుముకి సరిపోతుందని కాదు, చాలాసార్లు ఆ మాటకి అర్థం గట్టిగా ఉంటుందని మాత్రమే.

కొబ్బరి పీచు పరుపులు మొదట్లో బాగా గట్టిగా ఉంటాయి, గాలి ఆడుతుంది, మన ఎండలకి మంచివే, కానీ రోజూ ఒకే చోట పడుకుంటే పీచు అణిగిపోయి మళ్ళీ లేవదు. దూది పరుపుకి ఒక మంచి గుణం ఉంది, అణిగినా బాగుచేసుకోవచ్చు. ఎండలో వేసి, ఉండలు కట్టాక దూది ఏకించి మళ్ళీ కుట్టిస్తే కొత్తదానిలా అవుతుంది. ఇప్పుడు ఏకేవాళ్ళు దొరకడం తగ్గింది గానీ మీ ఊళ్ళో ఉంటే పాత పరుపు పారేయకండి. ఫోమ్ పరుపైతే మూడు నెలలకోసారి తల వైపు కాళ్ళ వైపుకి తిప్పండి. రెండు పక్కలా వాడే పరుపైతే, అంటే ఒక పక్క మెత్తగా ఒక పక్క గట్టిగా ఉండే రకమైతే, కొత్తది కొనే ముందు తిరగేసి ఓ వారం చూడండి.

"ఏసీ వేస్తే రాయిలా, ఎండాకాలం దిగబడిపోతున్నట్టు"

మెమరీ ఫోమ్ గుణమే అది, చల్లగా ఉంటే బిగుసుకుంటుంది, వేడికి మెత్తబడుతుంది. పైగా ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. ఏసీ లేని ఇంట్లో, పైన స్లాబ్ కాలుతుండగా మే నెలలో మందపాటి మెమరీ ఫోమ్ మీద పడుకోవడం కష్టం, అలాంటి ఇంటికి దాన్ని నేను చెప్పను. లాటెక్స్, పాకెట్ స్ప్రింగ్, పీచు మీద పల్చటి ఫోమ్ ఉన్నవి నయం. ఇప్పటికే కొనేసుంటే దుప్పటి కింద వాటర్‌ప్రూఫ్ ప్లాస్టిక్ కవర్ ఉంటే తీసేసి నూలు కవర్ వేయండి, చాలా తేడా తెలుస్తుంది.

"ఆయనకి గట్టిది కావాలి, నాకు మెత్తది కావాలి"

ఒకరు సర్దుకుపోవడం దీనికి పరిష్కారం కాదు, రోజూ ఏడెనిమిది గంటలు సర్దుకోవాలి మరి. 72 అంగుళాల వెడల్పు మంచమైతే 36 అంగుళాలవి రెండు పరుపులు ఒకే మందంలో, వేర్వేరు గట్టిదనంలో తీసుకుని పక్కపక్కన వేసి పైన ఒకటే దుప్పటి పరవండి. ఒకరు దొర్లితే ఇంకొకరికి మెలకువ రావడం కూడా దీంతో పోతుంది. ఒకటే పరుపు కావాలంటే మామూలు స్ప్రింగ్ కంటే పాకెట్ స్ప్రింగ్ మేలు, ఒక్కో స్ప్రింగ్ విడిగా సంచిలో ఉంటుంది కాబట్టి కదలిక పక్కకి పాకదు.

పెద్దవాళ్ళ విషయంలో

అమ్మా నాన్నలకి మెత్తటి పరుపు కొనిపెడితే సుఖంగా ఉంటారని అనుకుంటాం, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అందులోంచి లేవడమే పెద్ద పని. అంచు మీద కూర్చుంటే కుంగకూడదు, పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి. మంచం ఎత్తు, పరుపు మందం రెండూ కలిపి లెక్క చూసుకోండి, ఉన్న ఎత్తు మంచం మీద 10 అంగుళాల పరుపు వేసి వాళ్ళని ఎక్కమనడం అన్యాయం. పసిపిల్లలకైతే ఎంపికే లేదు, గట్టిగా చదునుగా ఉండాలి, మెత్తటి పరుపు, దిండు రెండూ ప్రమాదమే.

షాపుకి వెళ్ళినప్పుడు

అరచేత్తో నొక్కి, అంచు మీద కూర్చుని కొనేయకండి. చెప్పులు విప్పి మీరు రోజూ ఎలా పడుకుంటారో అలాగే పది పదిహేను నిమిషాలు పడుకోండి, మొహమాటం వద్దు, పదేళ్ళు వాడే వస్తువు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ ఫర్మ్‌లా ఉంటుంది కాబట్టి లేబుల్ చూసి పోల్చలేరు. రెండిటి మధ్య తేల్చుకోలేకపోతుంటే కొంచెం గట్టిదే తీసుకోండి, టాపర్‌తో సరిచేసుకునే దారి దానికే ఉంది. ఆన్‌లైన్‌లో కొంటే ట్రయల్ రోజులు ఎన్ని, తిరిగి ఇస్తే డబ్బు పూర్తిగా వస్తుందా, తీసుకెళ్ళడానికి మీ ఊరికి మనిషి వస్తాడా అని ముందే అడగండి. వారంటీలో గుంట ఎంత లోతు పడితే మారుస్తారో అంగుళాల్లో రాసి ఉంటుంది, అది చదివి, బిల్లు దాచి, మరక పడకుండా మొదటి రోజు నుంచే కవర్ వేసి వాడండి, ఎందుకంటే మరక పడిన పరుపుకి వారంటీ చెల్లదని చాలా కంపెనీలు వెనక్కి పంపేస్తాయి.