తుపాను నెలలకు ముందు ఎఫ్‌ఎం స్టేషన్: టవర్ కొన నుంచి డీజిల్ ట్యాంకు దాకా జాగ్రత్తలు

బంగాళాఖాతంలో తుపాన్లకు రెండు కాలాలు. ఒకటి ఏప్రిల్ నుంచి జూన్ దాకా, రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆంధ్ర తీరాన్ని ఈమధ్య కాలంలో గట్టిగా కొట్టినవి ఈ రెండో కాలంలోనివే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర, మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటాయి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి సమయంలో బ్యాటరీ రేడియో ఉన్న ఇంటికి కబురు చేర్చగలిగేది ఎఫ్‌ఎం, మీడియం వేవ్ ప్రసారాలే. కాబట్టి స్టేషన్ సిద్ధంగా ఉండటం అంటే పరికరాలు కాలిపోకుండా చూసుకోవడం ఒక్కటే కాదు, ఆ రాత్రి ప్రసారం ఆగకుండా చూసుకోవడం. కింద చెప్పిన పనులన్నీ సెప్టెంబరు నెలాఖరుకి పూర్తి కావాలి. హెచ్చరిక వచ్చాక టవర్ ఎక్కే మనిషి దొరకడు, దొరికినా ఎక్కించకూడదు.

టవర్, స్టే వైర్లు

ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాల గురించిన భారతీయ ప్రమాణం) మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మీటర్లు. మీ టవర్ డ్రాయింగ్ మీద ఏ వేగం రాసి ఉందో ముందు చూడండి. గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది: వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. డ్రాయింగ్ వేసిన రోజున రెండు డైపోల్‌ల (కడ్డీ యాంటెన్నాల) కోసం లెక్కకట్టిన టవర్‌కి ఆ తర్వాత సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ డిష్, ఎవరిదో వైఫై పెట్టె, ఫ్లెక్సీ చేరుతూ ఉంటాయి. వీటిలో నిండు రేకు డిష్, ఫ్లెక్సీ అన్నిటికన్నా ప్రమాదం, గాలి వాటిలోంచి దూరిపోదు. వాడనివన్నీ దించేయండి.

గాలి లేని తెల్లవారుజామున టవర్ నిటారుగా ఉందో లేదో రెండు దిక్కుల నుంచి థియోడలైట్‌తో (కోణాలు కొలిచే పరికరంతో) చూడాలి. వాలు ఎత్తులో నాలుగు వందల్లో ఒక వంతు దాటకూడదు. 30 మీటర్ల మాస్ట్‌కి (స్టే వైర్లతో నిలబెట్టిన సన్నటి టవర్‌కి) అది 75 మిల్లీమీటర్లు. స్టే వైర్ల (మాస్ట్ పడిపోకుండా పక్కల నుంచి లాగి పట్టే తీగల) బిగువు సాధారణంగా తెగే బలంలో పది శాతం దగ్గర ఉంచుతారు. చేత్తో లాగి చూసి చెప్పే పని కాదిది, టెన్షన్ మీటర్ పెట్టాలి. ఒకే ఎత్తు నుంచి వచ్చే మూడు వైర్లకీ బిగువు సమానంగా ఉండాలి. ఒకటి వదులైతే మిగతా రెండూ మాస్ట్‌ని తమవైపు లాగేస్తాయి. టర్న్‌బకిల్ (స్టే వైరుని బిగించే మర) తిరిగిపోకుండా కట్టే సేఫ్టీ వైరు ఉందో లేదో చూడండి. గాలికి వైరు గంటల తరబడి వణుకుతుంటే టర్న్‌బకిల్ తనంతట తానే విప్పుకుంటుంది.

తీరంలో తుప్పు పైన కనిపించే చోట కన్నా నేల గీత దగ్గర ఎక్కువ తింటుంది. యాంకర్ రాడ్ చుట్టూ 30 సెంటీమీటర్లు తవ్వి, బ్రష్‌తో గీకి, మందం కొలవండి. డాబా మీద నిలబెట్టిన మాస్ట్ అయితే స్టే వైరు పిట్టగోడకి కట్టి ఉందేమో తప్పక చూడండి. పిట్టగోడ యాంకర్ కాదు. ఇటుక గోడ కూలితే మాస్ట్ కింద రోడ్డు మీద పడుతుంది. స్లాబు కింద దూలానికో, స్తంభానికో బిగించిన హుక్కులే వాడాలి. కమ్యూనిటీ రేడియోకి నిబంధనల ప్రకారం యాంటెన్నా ఎత్తు నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లు దాటకూడదు. ఈ స్టేషన్లు చాలావరకు కాలేజీ డాబాల మీదే ఉంటాయి కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

పైకెక్కే మనిషికి ఫుల్ బాడీ హార్నెస్, రెండు కొక్కేల తాళ్లు ఉండాలి. ఒకటి విప్పే ముందు రెండోది తగిలించి ఉండాలి. ట్రాన్స్‌మిటర్ ఆపి, మెయిన్‌కి తాళం వేసి, ఆ తాళం చెవి ఎక్కేవాడి జేబులోనే ఉండాలి. కింద ఉన్నవాడి దగ్గర కాదు.

కేబుల్లోకి నీరు

వానాకాలంలో ప్రసారం పడిపోవడానికి మామూలు కారణం పిడుగు కాదు, కనెక్టర్‌లోకి దిగిన నీరు. పాత టేపు విప్పి, కనెక్టర్ లోపల పచ్చని చిలుము ఉంటే మార్చేయండి. కొత్తగా చుట్టేటప్పుడు మొదట పీవీసీ టేపు ఒక పొర, దాని మీద బ్యూటైల్ మాస్టిక్ టేపు, ఆపైన ఎండకి తట్టుకునే నల్ల పీవీసీ టేపు. చివరి పొర కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడే పై చుట్టు కింది చుట్టు మీద పెంకుల్లా పడి నీరు జారిపోతుంది. పై నుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీటిని లోపలికి పిలుస్తుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ రాగిని తినేస్తుంది, న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే కొనండి. కేబుల్ గదిలోకి దూరే ముందు కిందికి ఒక వంపు ఇవ్వాలి, నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి.

లోపల గాలి నింపిన పెద్ద ఫీడర్లు (ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుళ్లు) ఉన్న స్టేషన్లలో డీహైడ్రేటర్ (ఆ గాలిని పొడిగా ఉంచే యంత్రం) చూడండి. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకి మారితే అది తేమ పట్టుకోవడం మానేసిందని అర్థం. సాయంత్రం పీడనం రాసుకుని, యంత్రం ఆపి, మర్నాడు అదే వేడి ఉన్న సమయంలో మళ్లీ చూడండి. బాగా పడిపోతే ఎక్కడో కారుతోంది. గాలి బయటికి పోయే దారే నీటికి లోపలికి వచ్చే దారి.

ఇక కొలతలు. ఎండగా ఉన్న రోజున ఫార్వర్డ్ పవర్ (యాంటెన్నా వైపు వెళ్లేది), రిఫ్లెక్టెడ్ పవర్ (అక్కడి నుంచి తిరిగొచ్చేది) రెండూ రాసి ట్రాన్స్‌మిటర్ తలుపు లోపల అంటించండి. 50 వాట్లు వెళ్లి అర వాటు తిరిగొస్తే వీఎస్‌డబ్ల్యూఆర్ (ఎంత తిరిగొస్తోందో చెప్పే నిష్పత్తి, ఏమీ తిరిగిరాకపోతే 1) సుమారు 1.22, హాయిగా నడుస్తుంది. 2 వాట్లు తిరిగొస్తే 1.5, కారణం వెతకాలి. అయితే ఈ అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు. కేబుల్లో నీరు నిండి నష్టం 3 డెసిబెళ్లకు (అంటే సగం పవర్‌కి) చేరితే, పైన యాంటెన్నా పూర్తిగా ఊడిపోయినా కింద మీటర్ 3 మాత్రమే చూపిస్తుంది. వెళ్లిందీ, తిరిగొచ్చిందీ రెండూ దారిలోనే కరిగిపోతాయి కనుక. పాత కేబుల్లో రిఫ్లెక్షన్ ఉన్నట్టుండి "బాగుపడిందంటే" సంతోషించకండి, అనుమానించండి. ఊరి చివర ఒక స్థిరమైన చోట అదే రిసీవర్‌తో సిగ్నల్ కొలిచి ఆ అంకె కూడా రాసి ఉంచాలి. యాంటెన్నా వైపు కేబుల్‌ని ఓమ్ మీటర్‌తో కొలిస్తే షార్ట్ చూపిస్తోందా, ఓపెన్ చూపిస్తోందా అన్నది కూడా రాయండి. రెండు రకాల యాంటెన్నాలూ ఉంటాయి, తుపాను తర్వాత ఈ ఒక్క గీత చాలా సమయం మిగులుస్తుంది.

ఎర్తింగ్: అన్నీ ఒకటిగా కలపాలి

మన దగ్గర ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: టవర్‌కి ఒక ఎర్త్ పిట్, కంప్యూటర్లకి "క్లీన్ ఎర్త్" అని దూరంగా వేరే పిట్, రెండింటికీ సంబంధం ఉండదు. టవర్ మీద 20 కిలో ఆంపియర్ల పిడుగు పడి, పిట్ నిరోధం 2 ఓమ్‌లు అయితే టవర్ కింది భాగం ఆ క్షణంలో 40 కిలో వోల్టులకు లేస్తుంది. కేబుల్ పై తొడుగు ద్వారా ఆ వోల్టేజీ ట్రాన్స్‌మిటర్ పెట్టెకి వస్తుంది. అక్కడి నుంచి దూరపు పిట్ వైపు దారి వెతుక్కుంటుంది, ఆ దారి మీ మిక్సర్, కంప్యూటర్, ఆడియో కేబుల్. అన్ని పిట్లనీ నేలలోనే రాగి లేదా జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పట్టీతో కలిపి, గదిలోకి కేబుళ్లు వచ్చే చోట ఒకే బస్‌బార్‌కి (తీగలన్నీ బిగించే లోహపు పట్టీకి) అన్నిటినీ తెచ్చి బిగిస్తే, పిడుగు పడినప్పుడు గది అంతా కలిసి లేస్తుంది, తేడా ఉండదు కాబట్టి కరెంటు లోపల ప్రవహించదు.

కేబుల్‌కి ఎర్తింగ్ కిట్ (కేబుల్ పై తొడుగుని ఎర్త్‌కి కలిపేది) మూడు చోట్ల: యాంటెన్నా కింద, టవర్ నుంచి కేబుల్ పక్కకి తిరిగే వంపుకి పైన, గదిలోకి దూరే ముందు. ఎర్త్ వైరు ఎప్పుడూ కిందికే దిగాలి, చురుకు మలుపులు ఉండకూడదు. మీటరు వైరుకి సుమారు ఒక మైక్రో హెన్రీ ఇండక్టెన్స్ (కరెంటులో మార్పుని అడ్డుకునే గుణం) ఉంటుంది, వేగంగా లేచే పిడుగు కరెంటుకి అదే పెద్ద అడ్డు. ఎస్‌పీడీ (పిడుగు వోల్టేజీని ఎర్త్‌కి మళ్లించే రక్షణ పరికరం) తీగలు అర మీటరు దాటకూడదనడానికి కారణం కూడా ఇదే. బోర్డు చివర పెట్టి రెండు మీటర్ల వైరు చుట్టి తెస్తే ఖరీదైన ఎస్‌పీడీ కూడా అలంకారమే. దాని కిటికీ ఎర్రగా మారితే కార్ట్రిడ్జ్ మార్చాలి. ఒక జత స్పేర్ ఉంచండి.

పిట్ నిరోధాన్ని ఎర్త్ టెస్టర్‌తో మే నెలలో, నేల ఎండి ఉన్నప్పుడు కొలవాలి. వాన పడ్డాక కొలిస్తే అంకె అందంగా ఉంటుంది, నిజం కాదు.

మీడియం వేవ్ స్టేషన్ల వారికి మాస్ట్ మొదట్లోని ఇన్సులేటర్ మీద ఉప్పు పేరుకోకుండా కడగడం, బాల్ గ్యాప్ (పిడుగు కరెంటుని నేలకి దాటించే జత లోహపు బంతులు) బంతులను నున్నగా రుద్ది మధ్య దూరం సరిచూడటం, చుట్టూ గడ్డి కోయడం ముఖ్యం. నేలలోని రాగి తీగలు దొంగల పాలవుతుంటాయి, ట్యూనింగ్ గది దగ్గర ప్రతి తీగ చివరా ఉందో లేదో చూడాలి.

కరెంటు, డీజిల్

జనరేటర్ స్టార్ట్ కాకపోవడానికి మొదటి కారణం బ్యాటరీ. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలాక 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడితే మార్చేయండి. డీజిల్ లెక్క కంపెనీ పుస్తకం చూసి వేయకండి. ట్యాంకు నిండా పోసి, స్టేషన్ అసలు లోడ్ మీద ఒక గంట నడిపి, మళ్లీ నిండేదాకా ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. గంటకు లీటరున్నర అయితే 72 గంటలకు 108 లీటర్లు. ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, ఇంజన్ ఆయిల్ పక్కనే ఉండాలి. జనరేటర్ దిమ్మె ఎత్తు వరద గుర్తు కన్నా పైన ఉండాలి. పొగ గొట్టం గదిలోకి, కిటికీ వైపు తిరిగి ఉండకూడదు. వానకి భయపడి జనరేటర్‌ని వరండాలోకి లాగితే కార్బన్ మోనాక్సైడ్ లోపల పడుకున్న మనిషిని చంపుతుంది.

డీజిల్ తక్కువైతే పవర్ తగ్గించండి. నాలుగో వంతుకి తగ్గించినా సిగ్నల్ పడేది 6 డెసిబెళ్లే. ఊళ్లో, చుట్టుపక్కల ఇంకా వినిపిస్తుంది. ఏసీ, అనవసరమైన లైట్లు ఆపేస్తే ఇంకొన్ని గంటలు కలిసొస్తాయి.

లింకు తెగితే

స్టూడియో నుంచి ట్రాన్స్‌మిటర్‌కి ఆడియో ఇంటర్నెట్ మీద వెళ్తుంటే, సెల్ టవర్లు పడిపోయిన గంటల్లో అది పోతుంది. ట్రాన్స్‌మిటర్ గదిలోనే ఒక చిన్న మిక్సర్, ఒక మైకు, ముందే రికార్డు చేసిన జాగ్రత్తల ఆడియో ఉన్న ప్లేయర్ పెట్టి, లింకుని దాటేసి నేరుగా ట్రాన్స్‌మిటర్‌కి కలిపే కేబుల్ సిద్ధంగా ఉంచండి. ఒక్క మనిషి, టార్చి వెలుగులో, పది నిమిషాల్లో కలపగలగాలి. డిష్‌తో తీసుకునే రిలే స్టేషన్లు ఒకటి గుర్తుంచుకోవాలి: సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులు పగటిపూట సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చి కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. దాన్ని లోపం అనుకుని డిష్ కదపకండి.

హెచ్చరిక వచ్చాక

వాతావరణ శాఖ ముందస్తు సూచన 72 గంటల ముందు వస్తుంది. అప్పుడు డీజిల్ నింపడం, జనరేటర్ లోడ్ మీద గంట నడపడం. 48 గంటల ముందు వచ్చే పసుపు హెచ్చరికకి డాబా మీద వదులుగా ఉన్నవన్నీ దించడం, డ్యూటీలో ఉండేవాళ్లకి మూడు రోజుల నీళ్లు, తిండి, మందులు తెచ్చిపెట్టడం. 24 గంటల ముందు నారింజ హెచ్చరిక వచ్చాక టవర్ పని పూర్తిగా బంద్. మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే కేబుల్, కనెక్టర్ ఏదీ చేత్తో ముట్టుకోకూడదు. చివరి ఉరుము తర్వాత అర గంట ఆగాలి. కేబుల్ ఊడదీసి పెట్టాలనుకుంటే అది మబ్బు రాకముందు చేసే పని.

తుపాను వెళ్లాక మెయిన్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచండి. లైన్లు సరిచేసేటప్పుడు న్యూట్రల్ తెగి ఉంటే 230 రావాల్సిన చోట 400 వోల్టుల దాకా వస్తుంది. ముందు మూడు ఫేజులూ మీటర్‌తో కొలిచి, పదిహేను నిమిషాలు నిలకడగా ఉన్నాకే కలపండి. ట్రాన్స్‌మిటర్‌ని మొదట డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు కలిపి పవర్‌ని వేడిగా మార్చే పరికరం) మీద నడపండి. తర్వాత టవర్‌ని బైనాక్యులర్‌తో చూసి, ఓమ్ మీటర్ అంకె పాతదానితో పోల్చి, యాంటెన్నాకి కలపండి. పవర్ పది శాతంతో మొదలుపెట్టి పాతిక, యాభై, వంద అని పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా రిఫ్లెక్టెడ్ పవర్ చూడండి. అదే నిష్పత్తిలో పెరిగితే సరే. ఒక మెట్టు దగ్గర ఉన్నట్టుండి ఎగిరితే ఎక్కడో తేమ మీద స్పార్క్ వస్తోంది. వెంటనే కింది మెట్టుకి దిగి, ఆ పవర్‌లోనే వార్తలు నడపండి. బాగుచేయడం ఎండ వచ్చాక.