‘మర్డర్, షీ బేక్డ్’ ఏ వరుసలో చూడాలి?

‘మర్డర్, షీ బేక్డ్’ హత్యల మిస్టరీ టీవీ సినిమాల సిరీస్. హత్య కథ ఏ సినిమాకు ఆ సినిమాలోనే తేలిపోతుంది కాబట్టి ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదంటారు. ఆ మాట నమ్మకండి. వరుస తప్పితే బేకరీ నడిపే హన్నాకూ డిటెక్టివ్ మైక్‌కూ మధ్య నడిచే వ్యవహారం తెగిపోతుంది.

వరుస ఇది: చాక్లెట్ చిప్ కుకీ (2015), ప్లమ్ పుడ్డింగ్ (2015), పీచ్ కాబ్లర్ (2016), డెడ్లీ రెసిపీ (2016), జస్ట్ డెజర్ట్స్ (2017).

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నాలుగేళ్ల విరామం తర్వాత 2021లో వచ్చిన ‘స్వీట్ రివెంజ్’కి పాత పేరు తీసేసి ‘ఎ హన్నా స్వెన్సన్ మిస్టరీ’ అని పెట్టారు. పాత పేరుతో వెతికితే అది దొరక్కపోవచ్చు. హన్నా స్వెన్సన్ అని గానీ, హన్నాగా నటించిన అలిసన్ స్వీనీ పేరుతో గానీ వెతకండి.

ప్లమ్ పుడ్డింగ్ క్రిస్మస్ కథ. డిసెంబరు దాకా దాచుకోవాలనిపిస్తుంది కానీ వరుసలోనే చూసేయండి. తీరిక లేనివాళ్లు మొదటిదీ పీచ్ కాబ్లర్ చూస్తే చాలు. మొదటిదాంట్లో పాలు వేసే కుర్రాడు బేకరీ వెనక సందులో శవమై కనిపిస్తాడు. పీచ్ కాబ్లర్‌లో పోటీ బేకరీ మనిషి చనిపోతే అనుమానం హన్నా మీదికే వస్తుంది. ఊరివాళ్ల చూపు ఎలా మారుతుందో అందులో బాగా పట్టుకున్నారు.

ఈ సినిమాలకు మూలమైన జోవాన్ ఫ్లూక్ నవలలు కూడా చదవాలనుకుంటే సినిమాల తర్వాతే పట్టుకోండి. వంటల కొలతలు నవలల్లోనే ఉంటాయి.