లెజూష్ సమ్మర్ స్కూల్‌కి అప్లై చేసేవాళ్లకి: ముందే చేసుకోవాల్సిన పని

ఫ్రాన్స్‌లో షామొనీ లోయలో, మోం బ్లాం కొండలకి ఎదురుగా లెజూష్ అనే ఊరుంది. యుద్ధం తర్వాత అక్కడి కుర్రాళ్లకి కొత్త ఫిజిక్స్ నేర్పేవాళ్లు లేరని 1951లో సెసిల్ డివిట్-మొరెట్ ఆ ఊళ్లో ఒక స్కూల్ పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. 2003లో క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్ (కణాల మధ్య ఉండే క్వాంటమ్ ముడి) మీద, 2004లో నానోఫిజిక్స్ మీద, 2011లో క్వాంటమ్ మెషీన్ల మీద క్లాసులు జరిగాయి. మన యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ మొదటి రెండేళ్లలో ఉన్నవాళ్లు ఇలాంటి స్కూల్‌కి తప్పకుండా అప్లై చేయాలని నా గట్టి నమ్మకం.

అప్లికేషన్‌లో "క్వాంటమ్ కంప్యూటింగ్ అంటే చిన్నప్పటి నుంచి ఇష్టం" అని రాయకండి, అందరూ అదే రాస్తారు. మీ పనిలో ఎక్కడ ఆగిపోయారో రాయండి, ఎవరి లెక్చర్ వింటే ఆ ముడి విడుతుందో కూడా. రికమెండేషన్ లెటర్ అడిగేటప్పుడు మీరు చేసిన పనిని ఒక పేజీలో రాసి గైడ్ చేతిలో పెట్టండి, లేకపోతే వచ్చేది నాలుగు పొగడ్తల ఉత్తరమే. సీటు రాగానే వీసా పని. ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్స్ ఉండాలి. చివరి నెలదాకా ఆగితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు.

అసలు సంగతి చదువు. అక్కడ లెక్చర్లు వేగంగా సాగుతాయి, మొదటి గంటలోనే హామిల్టోనియన్ (వ్యవస్థ మొత్తం శక్తిని చెప్పే సమీకరణం) బోర్డు మీదుంటుంది. పుస్తకాలన్నీ తిరగేసే టైం ఉండదు కాబట్టి, నా మాట వినండి, చిన్న చిన్న లెక్కలు సొంతంగా చేసుకుని వెళ్లండి.

ఒకటి ఇక్కడే చేద్దాం. సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ (నిరోధం లేకుండా కరెంట్ పారే లోహంతో చేసిన, క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ లాంటి సర్క్యూట్) సుమారు 5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. దాని శక్తిని (ప్లాంక్ స్థిరాంకం ఇంటూ ఫ్రీక్వెన్సీ) బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతో భాగిస్తే 0.24 కెల్విన్ వస్తుంది. ఈ క్యూబిట్లు చేసే అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గరే సూపర్‌కండక్టర్ అవుతుంది కదా, మరి 20 మిల్లీకెల్విన్ దాకా ఎందుకు చల్లబరుస్తారు? 0.24ని 0.02తో భాగిస్తే 12. e పవర్ మైనస్ 12 లెక్కిస్తే లక్షలో ఒకటి కన్నా తక్కువ, అంటే వేడి వల్ల క్యూబిట్ పై స్థాయికి ఎగబాకే అవకాశం దాదాపు లేదన్నమాట. 1 కెల్విన్ దగ్గర ఇదే లెక్క వేసి చూడండి, క్యూబిట్ ఎందుకు పనికిరాదో కాగితం మీదే కనిపిస్తుంది. అలాగే మామూలు ఎల్‌సీ సర్క్యూట్‌లో (ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఉన్నది) శక్తి స్థాయిలన్నీ సమాన దూరంలో ఉంటాయి, అందుకే రెండు స్థాయిల్ని మాత్రమే విడిగా వాడలేం. జోసెఫ్సన్ జంక్షన్ (రెండు సూపర్‌కండక్టర్ల మధ్య పలుచటి ఇన్సులేటర్ పొర) పెడితే ఆ దూరాలు సమానంగా ఉండవు, అప్పుడు రెండు స్థాయిల్నే విడిగా వాడొచ్చు. ఈ రెండూ చేతిలో ఉంటే మొదటి వారం లెక్చర్లలో మీరు తప్పిపోరు.

వెళ్లాక రోజూ రాత్రి ఆ రోజు నోట్సులో ఒకే ఒక్క మెట్టు, లెక్చరర్ "ఇది సులభమే" అని దాటేసినది, కూర్చుని పూర్తి చేయండి. అన్నీ చేయాలనుకుంటే మూడో రోజుకే వదిలేస్తారు. అది రాకపోతే మర్నాడు భోజనాల దగ్గర ఆ లెక్చరర్‌నే అడగండి, మొహమాటం వద్దు, వాళ్లు అక్కడే ఉండి తింటారు, అడిగించుకోవడానికే వస్తారు. కొండ నడకలకి పిలిస్తే వెళ్లండి, కొలాబొరేషన్ మాటలు అక్కడే మొదలవుతాయి.

సీటు రాలేదా? 2011లో స్టీవెన్ గిర్విన్ ఈ స్కూల్‌లోనే సర్క్యూట్ క్యూఈడీ (ఇలాంటి సర్క్యూట్లు మైక్రోవేవ్ ఫోటాన్లతో ఎలా ముడిపడతాయో చెప్పే శాఖ) మీద చెప్పిన క్లాసుల నోట్సు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 2025 ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న మిషెల్ డెవొరే 1995లో ఇదే స్కూల్‌లో ఎలక్ట్రికల్ సర్క్యూట్లలో క్వాంటమ్ ఫ్లక్చుయేషన్ల మీద చెప్పిన నోట్సు కూడా వెతికి చదవండి, ఆ రంగంలో ఇప్పటికీ చాలామంది దాంతోనే మొదలుపెడతారు. అమెరికాలోని బౌల్డర్ స్కూల్ (ఇది కూడా ఫిజిక్స్ సమ్మర్ స్కూలే) వీడియోలు కూడా ఉచితమే. ముందు డెవొరే, తర్వాత గిర్విన్, పక్కన తెల్ల కాగితం పెట్టుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి వారానికో సాయంత్రం కూర్చుంటే ఒక సెమిస్టర్‌లో అయిపోతుంది.